కుంటి కొంగ సత్రంలో చిన్న గది

వాట్సాప్‌లో వచ్చిన ఆహ్వానాన్ని మొదట నేను సరిగ్గా చూడనే లేదు. మా కాంప్లెక్స్‌లో కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే స్రవంతికి శ్రీమంతం చేస్తున్నారు. న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరోలో శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో ఏదో ఒక వేడుక ఉంటూనే ఉంటుంది. తారీఖు చూసుకుని, ఏ చీర కట్టుకోవాలా అనుకుంటూ ఫోను పక్కన పెట్టబోతుంటే, గులాబీరంగు బెలూన్ల బొమ్మల వెనక ఒక ఇల్లు కనిపించింది. తెల్ల సున్నం గోడలు, వాటి మధ్య అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నల్లని కర్రలు. కింది అంతస్తు కంటే మేడ రెండడుగులు ముందుకు పొడుచుకొచ్చి, ఒక పక్కకి కాస్త ఒరిగి, వీధిలో ఎవరొస్తున్నారో వంగి చూస్తున్న ముసలమ్మలా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని వేళ్ళతో ఫొటోని పెద్దది చేశాను. మేడ మీద ఎడమ చివరన ఉన్న కిటికీ మా వంటింటిది.

సాయంత్రం స్రవంతి భర్త కిరణ్ ఫోన్ చేశాడు. "ఆంటీ, వెన్యూ కొంచెం దూరం. హిస్టారిక్ ఇంగ్లీష్ పబ్ అండి, ఇప్పుడు టౌన్‌షిప్ వాళ్ళు ఈవెంట్స్‌కి ఇస్తున్నారు. పిక్స్ బాగా వస్తాయని బుక్ చేశాం. మిమ్మల్ని పికప్ చేసుకోమంటారా?"

"నాకు దారి తెలుసు బాబూ. చిన్నప్పుడు నేను అక్కడే ఉండేదాన్ని."

"పబ్‌లోనా ఆంటీ?"

"పబ్ మీద," అన్నాను. పాపం, పెద్దావిడ ఏదో పొరబడుతోందని అనుకుని ఉంటాడు.

ఆ ఇల్లు అమెరికాలో పుట్టలేదు. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో, గుర్రబ్బండ్లు నడిచే రోజుల్లో, ప్రయాణికులు దిగి తిని తాగి పడుకోవడానికి బాట పక్కన కట్టిన పబ్ అది. పేరు 'ది లేమ్ హెరాన్', అంటే కుంటి కొంగ. బాట వెడల్పు చేయడానికి దాన్ని పడగొడుతున్నారని విని, ఇంగ్లండు చూడ్డానికి వెళ్ళిన ఒక న్యూజెర్సీ ధనవంతుడు మనసు పారేసుకున్నాడు. దూలం దూలం విప్పించి, పెట్టెలకెత్తించి, ఓడలో తెప్పించి, తన ఊళ్ళో నది ఒడ్డున మళ్ళీ నిలబెట్టించాడు. ఆ కర్రలన్నిటి మీదా అతుకుల దగ్గర ఉలితో చెక్కిన గీతలుండేవి. ఏ కర్ర ఏ కర్రతో కలవాలో గుర్తు కోసం పాతకాలపు వడ్రంగులు వేసుకున్న రోమన్ అంకెలవి. ఇక్కడ మళ్ళీ కూర్చిన వాళ్ళకీ అవే దిక్కయ్యాయి. నాకు రోమన్ అంకెలు బళ్ళో రాలేదు, మా పడగ్గదిలో వెల్లకిలా పడుకుని వాసాలు చూస్తూ నేర్చుకున్నాను. ఇనప మేకు ఒక్కటి కూడా లేకుండా కొయ్యమేకులతో బిగించిన ఇల్లది. వానాకాలం చెక్క ఉబ్బి ఒక్కో తలుపు తెరుచుకునేది కాదు. చలికాలం చెక్క ఎండి అదే తలుపు మూసుకునేది కాదు. ఏ కాలంలో ఏ తలుపు వాడాలో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మా నాన్న అప్పారావు శ్రీకాకుళం వైపు వాడు. ఇక్కడ కౌంటీ ఆఫీసులో వంతెనల డ్రాయింగులు వేసే ఇంజినీరు. మనిషి పొట్టి. ఆఫీసులో అందరూ ఆయన నెత్తి మీదుగా మాట్లాడుకునేవారట. బస్సులో పట్టుకునే కడ్డీ అందదు, దుకాణంలో పై అరలో సరుకు అందదు. అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నం ఆయన కుంటి కొంగలో అడుగు పెట్టాడు. ఆ ఇంటి గుమ్మాలు పాతకాలపు మనుషుల ఎత్తుకి కట్టినవి. వెంట వచ్చిన ఆఫీసు స్నేహితుడు గుమ్మానికి నుదురు కొట్టుకుని, లోపల మొదటి దూలానికి ఇంకోసారి కొట్టుకున్నాడు. నాన్న మాత్రం తల వంచకుండా నేరుగా నడుచుకుంటూ పోయాడు. "ఈ దేశంలో నా కొలతలకి కట్టిన ఇల్లు ఇదొక్కటే," అని ఆ సాయంత్రమే మేడ మీద వాటా తీసేసుకున్నాడు.

అమ్మకి ఇది నచ్చలేదు. "సారా కొట్టు మీద కాపురం పెట్టామని మావాళ్ళకి ఏ మొహంతో చెప్పను?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి కిటికీ తెరిచింది. సీసపు పట్టీల మధ్య బిగించిన చిన్న చిన్న గాజుపలకల కిటికీ అది. ఒక్కో పలకా ఒక్కో రకంగా వంకరగా ఉండి, సాయంత్రపు ఎండ వాటిలోంచి పడి గోడంతా నీళ్ళు కదిలినట్టుండేది. అమ్మ చాలాసేపు ఆ గోడని చూసి, "సరే, ఒక ఏడాది చూద్దాం," అంది. నాలుగేళ్ళున్నాం.

ఆ ఇంటికి రెండు వాసనలు. కింద బీరు ఇంకిన చెక్క, కట్టెల పొగ, బల్లలకి రుద్దే మైనం. పైన మా అమ్మ పోపు. మేడ మీద నేల ఒకే వరస పలకలు. కాలక్రమాన కుదించుకుపోయి మధ్యలో వేలు దూరేంత సందులు. ఆ సందుల్లోంచి కింది మాటలు మాకు, పై వాసనలు వాళ్ళకి వెళ్ళేవి. అమ్మ ఇంగువ వేసిందంటే కింద ఒక్క క్షణం అందరూ నోళ్ళు మూసుకునేవారు. తర్వాత ఎవరో ఒకరు, "ఇవాళ పైన ఏం జరుగుతోంది డోరతీ?" అని అరిచేవారు. డోరతీ అంటే మిసెస్ పెల్హమ్, ఆ పబ్ యజమాని. ఇల్లు తెప్పించిన ధనవంతుడి కోడలు. ఆవిడ కూడా కెంట్‌లోనే పుట్టి, పెళ్ళి చేసుకుని ఇటు వచ్చిన మనిషి. "నేనూ ఈ ఇల్లూ ఒకే సముద్రం దాటాం, దానికి నాకంటే తక్కువ తల తిరిగింది," అనేది. భర్త పోయాక పబ్ ఆవిడే చూసుకునేది. గంభీరమైన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల ఏప్రన్. తన బారులో తను చుక్క ముట్టుకోదని ఊళ్ళో పేరు.

మేం చేరిన రెండో ఏడు నాయనమ్మ వచ్చింది. నాన్న ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో దారి పొడుగునా ఆవిడని సిద్ధం చేశాడు. "మేముండేది ఒక సత్రం అమ్మా. పాతకాలపు సత్రం. కింద బాటసారులకి భోజనాలు పెడతారు." నాయనమ్మ తలూపింది. తీరా గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చింది.

"ఏటిరా అప్పారావూ, సత్రమంటివి. సత్రంలో ఈ పులిసిన కంపేటి?"

"భోజనంతో పాటు అదీ పోస్తారమ్మా."

"అయితే కల్లు పాకని సెప్పు. కల్లు పాకలు నాను సూడ్నేదేటి?" అని, కోపం కూడా తెచ్చుకోకుండా ఇల్లు చూడ్డం మొదలుపెట్టింది. దూలాల మీద చేత్తో తట్టింది. ఒకచోట సున్నం ఊడిపోయి లోపలి గోడ కనబడుతోంది. కర్రపుల్లల తడికకి మట్టి మెత్తి కట్టిన గోడ. నాయనమ్మ దాని ముందు నిలబడి గట్టిగా నవ్వింది. "ఓలమ్మ! తడికకి మట్టి మెత్తినారు. మన పసువుల సాలకీ దీనికీ తేడా ఏటుందిరా? ఇంత దూరం ఇమానమెక్కి ఒచ్చింది దీనికా?"

అప్పుడే మిసెస్ పెల్హమ్ వచ్చి చేయి చాపింది. నాన్న పరిచయం చేశాడు. "అమ్మా, ఈవిడ మిసెస్ పెల్హమ్."

"ఎవుడి పెల్లామురా ఈవిడ?" అంది నాయనమ్మ. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మెట్లెక్కి పారిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు డోరతమ్మ.

ఇక్కడ ఆ పబ్ కింది భాగం ఎలా ఉండేదో చెప్పాలి. పనివాళ్ళు బూట్ల మట్టితోనే వచ్చి నిలబడి తాగే గది ఒకటి, నేల రాతి పలకలు. కాస్త మంచి బట్టలు వేసుకున్న వాళ్ళు కూర్చునే గది ఇంకొకటి, నేల చెక్క, గోడకి గడియారం. రెంటికీ వీధిలోంచి వేరు వేరు తలుపులు. ఈ రెండు గదుల మధ్య, మనిషి లోపలికెళ్ళి కూర్చోగలిగినంత పెద్ద ఇటుక పొయ్యిని ఆనుకుని, చెక్క అడ్డగోడలతో రైలుపెట్టెలో అర లాంటి చిన్న గది ఒకటుండేది. దాన్ని స్నగ్ అనేవారు. నలుగురు కూర్చుంటే ఐదో మనిషి నిలబడాలి. నడుం ఎత్తు దాకా చెక్క, ఆపైన పూలు చెక్కిన మసక గాజు. లోపలున్నది ఎవరో బయటి వాళ్ళకి తెలియదు. బారు వైపు గోడలో చిన్న కిటికీ. దాంట్లోంచి గ్లాసు అందించిన మనిషికి పుచ్చుకున్న చేయి తప్ప మొహం కనబడదు. వెనకటి రోజుల్లో ఇంగ్లండులో ఆడవాళ్ళూ, చర్చి ఫాదర్లూ, డ్యూటీలో ఉన్న పోలీసూ నలుగురి కళ్ళా పడకుండా ఒక గుక్క తాగి పోవడానికి కట్టిన గది అది. న్యూజెర్సీలో దాని అవసరం ఎవరికీ లేక, అందులో పాత కుర్చీలు పడేసి ఉండేవి.

దాని అవసరం నాయనమ్మకి వచ్చి పడింది. ఆవిడకి చుట్ట అలవాటు. ఉత్తరాంధ్ర ముసలమ్మల చుట్ట, అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. వితంతువు అయిన నాటి నుంచీ ఊరందరి ముందూ కాల్చింది కానీ కొడుకు ముందు మాత్రం ఎన్నడూ కాల్చలేదు. అదీ ఆవిడ మర్యాద. మేడ మీద రెండే గదులు, నేల సందుల్లోంచి దాచేదేమీ లేదు, బయట చలి. వచ్చిన వారానికే ఇల్లంతా కలియదిరిగి, పాత కుర్చీల వెనక ఆ గదిని కనిపెట్టింది. తలుపు వేసుకుంటే ఎవరికీ కనబడదు. పక్కన పొయ్యి, పొగ దానంతటదే పైకి లాక్కుపోతుంది. అమ్మ, నేను కుర్చీలు బయటపెట్టి చిమ్మి ఇచ్చాం.

మూడో రోజు మధ్యాహ్నం నాయనమ్మ తలుపు తీసేసరికి లోపల మిసెస్ పెల్హమ్ కూర్చుని ఉంది. చేతిలో చిన్న గ్లాసు, అందులో చిక్కటి నల్ల బీరు. చుక్క ముట్టుకోదని పేరున్న మనిషి! పనిగంటల మధ్య ఎవరూ లేని వేళ ఆవిడకీ చాటు కావలసి వచ్చిందన్నమాట. గది ఖాళీ అయిందని చూసుకుని చేరింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయనమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. మిసెస్ పెల్హమ్ గ్లాసు జారిపోబోయి పట్టుకుంది. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మెట్ల మీద కూర్చున్న నాకు మసక గాజు మీద రెండు నీడలు ఊగడం కనిపించింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అదే వరస. ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు. నాయనమ్మ చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ మా పెదనాన్న భార్య మీద చాడీలు చెప్పేది. ఆవిడ వెండి చెంచాలు తుడుస్తూ తన అక్కగారి గురించి చెప్పేది కాబోలు. నేను బడి నుంచి వచ్చి మధ్యలో కూర్చుంటే, "నువ్వు సెప్పక్కర్నేదు గుంటా, మాకు తెలస్తంది," అని నన్ను దుబాసీ పని చేయనిచ్చేది కాదు నాయనమ్మ. ఇక నాన్న. ఆయన సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే వీధి తలుపు దగ్గరే గట్టిగా రెండుసార్లు దగ్గేవాడు. నాన్నకి ఆ ఇల్లు పడలేదేమో, రొమ్ము పట్టేసిందేమో అని నేను చాలాకాలం భయపడ్డాను. అమ్మ చెప్పింది అసలు సంగతి. "మీ నాయనమ్మకి చుట్ట ఆర్పుకునే టైమిస్తున్నారే."

మిసెస్ పెల్హమ్‌కి పిల్లల్లేరు. పబ్‌లో సగం వాటా భర్త తరఫు మేనల్లుడు గ్లెన్‌ది. చెడ్డవాడు కాదు. నవ్వుమొహం, ఎత్తరి, గుమ్మాలన్నిటికీ తల కొట్టుకుని నుదుట ఎప్పుడూ ఏదో ఒక మచ్చ. అతనికి పబ్‌ని కొత్తగా చేయాలని తపన. ఈ గదుల గోడలన్నీ తీసేసి ఒకే పెద్ద హాలు చేసి, పెద్ద టీవీ పెట్టి, డాన్సుకి చోటిస్తే కుర్రకారు వస్తారని వాదన. నెలల తరబడి పోరాడి మిసెస్ పెల్హమ్ అలిసిపోయింది. "సరే, నీ ఇష్టం. కానీ నేను చూడలేను," అంది. పబ్‌కి సెలవైన సోమవారం పొద్దున, పన్ను పీకించుకునే పని పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

బడికి వేసవి సెలవులు. నేను మెట్ల మీద పుస్తకం చదువుకుంటున్నాను. అమ్మ పైన వంట చేస్తోంది. గ్లెన్ పెద్ద సమ్మెటతో, రంపంతో వచ్చి, ముందు స్నగ్‌తో మొదలుపెడదామని తలుపు తీశాడు. లోపల నాయనమ్మ, ఒళ్ళో చిక్కుళ్ళ పళ్ళెం.

"విమలా, గ్రాండ్‌మాని కాసేపు పైకి వెళ్ళమని చెప్తావా? ఈ గోడ తీసేస్తున్నాను," అన్నాడు.

చెప్పాను. నాయనమ్మ సమ్మెట వైపు చూసింది. గాజు మీద పూల వైపు చూసింది.

"నాను లెగనని సెప్పు. ఇది ఆడోల్ల గది. ఆడి అత్తని రానీ. ఆవిడ నా కల్ల ముందు కొట్టమంటే అప్పుడు కొట్టమను. ఆవిడ ఊల్లోకెల్లినప్పుడు ఈ దొంగపనేటి, బుద్ధి నేదేటి ఆడికి?"

అదంతా ఇంగ్లీషులో చెప్పే ధైర్యం నాకు లేదు. "ఆంటీ వచ్చేదాకా ఆగమంటోంది," అన్నాను. గ్లెన్ నవ్వాడు. బతిమాలాడు. తర్వాత గది అవతలి వైపుకి వెళ్ళి, అక్కడి నుంచి మొదలుపెడితే శబ్దానికి ఆవిడే లేస్తుందనుకుని, అడ్డగోడ మీద ఒక్క దెబ్బ వేశాడు. ఒక పలక చిట్లింది. పైన మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. "ఏమైందే?" అని అమ్మ అరిచింది. నాయనమ్మ కదల్లేదు. చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, చుట్ట వెలిగించి, నిదానంగా దాన్ని తిప్పి నిప్పు కొస నోట్లో పెట్టుకుని, ముక్కులోంచి పొగ వదిలింది. చిట్లిన సందులోంచి అది చూసిన గ్లెన్ సమ్మెట నేల మీద పెట్టేశాడు. "ఆవిడకి ఏం కాదుగా?" అన్నాడు తెల్లబోయి. "నోట్లో నిప్పుంది!"

ఆ సందు చూసుకుని నేను బారులో ఉన్న ఫోనులో నాన్న ఆఫీసుకి ఫోన్ చేశాను. గోడ తీస్తున్నారని, నాయనమ్మ లేవడం లేదని, గిన్నెలు కదిలాయని చెప్పాను. మొదటి రెండూ విని నాన్న నవ్వుతున్నట్టే ఉన్నాడు. మూడోది వినగానే, "ఎవరినీ ఏదీ ముట్టుకోవద్దను. వస్తున్నాను," అన్నాడు.

వచ్చిన నాన్న దగ్గలేదు. నేరుగా స్నగ్ తలుపు తీశాడు. నాయనమ్మ నోట్లో చుట్ట, గదినిండా పొగ. నా పుట్టుకలో నేను మొదటిసారి చూశాను, నాయనమ్మ మొహంలో కంగారు. తీయబోయింది. నాన్న ఆవిడ భుజం మీద చేయి వేసి, "కూకోయే అమ్మా. కూసింత పక్కకి జరుగు సాలు. నీ ఎనక ఆ మూల సూడాల," అన్నాడు. ఇంట్లో మాతో మాట్లాడే భాష కాదది. వాళ్ళ ఊరి భాష.

గది మూలన పలకలతో పెట్టెలా కప్పిన లావుపాటి చోటొకటుంది. నాన్న మేకులు ఊడబీకి ఒక పలక తీశాడు. లోపల ఒక స్తంభం. మిగతా ఇల్లంతా చేత్తో చెక్కిన ఓక్ కర్ర. ఇది మరలో కోసిన పైన్. దాని మీద వడ్రంగి గుర్తు కూడా లేదు. నాన్న కుర్చీ ఎక్కి టార్చితో పైకి చూశాడు. ఇంటి మొత్తానికీ పెద్ద దూలం అక్కడ మీదుగా పోతుంది. నల్ల రంగు గీకితే ఇనప పట్టీ బయటపడింది. ఓడలోనో, బండి మీదో ఆ దూలం నడిమికి విరిగింది. ఇక్కడ కూర్చిన వాళ్ళు దాన్ని అతికి, కింద ఈ స్తంభం పెట్టి, యజమానికి మాట రాకుండా అడ్డగోడ మూలలో దాచేశారు. సరిగ్గా ఆ అతుకు మీదే మా ఫ్రిజ్జూ, మా బియ్యం డబ్బా, ఆ గంటలో మా అమ్మా ఉన్నారు.

నాన్న పైకెళ్ళి, "రాజ్యం, పొయ్యి ఆపేసి కిందకి రా, మెల్లిగా," అన్నాడు. అమ్మ గరిటె చేత్తోనే దిగింది. అప్పుడు గ్లెన్‌కి టార్చి ఇచ్చి, కుర్చీ ఎక్కించి చూపించాడు. గ్లెన్ చాలాసేపు చూసి దిగాడు. అలా దిగుతూ దూలానికి తల కొట్టుకున్నా గమనించలేదు. "ఇవాళ మధ్యాహ్నానికి ఇది కోసేసి ఉండేవాణ్ణి," అన్నాడు. అమ్మనీ, పై కప్పునీ మార్చి మార్చి చూసి, బల్ల మీద కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. నాయనమ్మకి మాటలు అర్థం కాలేదు కానీ మనిషి అర్థమయ్యాడు. "ఆడికి టీ పెట్టియ్యవే, అదిరిపోనాడు పిల్లడు," అంది అమ్మతో.

మిసెస్ పెల్హమ్ వచ్చేసరికి ఇల్లు ఇల్లులాగే ఉంది. స్నగ్‌లో అందరం ఇరుక్కుని టీ తాగుతున్నాం, గ్లెన్ గుమ్మంలో నిలబడి. ఆవిడ ఒక బుగ్గ వాచి, మొద్దుబారిన నోటితో మాట రాక, చిట్లిన ఒక్క పలకనీ తడిమింది. గ్లెన్ జరిగింది చెప్పాడు. అంతా విని, నాయనమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతిలోంచి చుట్ట తీసుకుని, మా అందరి ముందూ ఒక దమ్ము లాగింది. సరైన కొసతోనే. అయినా కళ్ళ నీళ్ళు వచ్చేదాకా దగ్గింది. ఆ నీళ్ళు దగ్గువల్లే వచ్చాయో కాదో నేను చెప్పలేను.

ఆ తర్వాత నాన్నా, గ్లెన్ కలిసి దూలం కింద కొత్త ఓక్ స్తంభం పెట్టించారు, ఈసారి దాచకుండా. హాలు సరదా తీరక గ్లెన్ పబ్ వెనక పాత గుర్రాలశాల స్థలంలో ఒకటి కట్టుకున్నాడు. అక్కడ ఎత్తుగా గుమ్మాలు పెట్టించుకుని తొలిసారి తల ఎత్తుకుని నడిచాడు. నాయనమ్మ మన దేశం వెళ్ళాక ఊరంతటికీ ఒకటే కథ: "అమిరికాలో సత్రం పడిపోతంటే నాను అడ్డు కూకుని నిలబెట్టినాను." దాంట్లో తప్పు పట్టడానికి ఏముంది? ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నాలు ఆ గదిలోనే గడిపింది. నాన్న కళ్ళారా చూశాడు కదా, ఇక దాపరికం దేనికి అనుకున్నాను నేను. కానీ మర్నాటి సాయంత్రం కూడా నాన్న వీధి తలుపు దగ్గర రెండుసార్లు దగ్గాడు. లోపల నాయనమ్మ గబగబా చుట్ట ఆర్పుకుంది.

శ్రీమంతానికి వెళ్ళాను. ఇప్పుడా దూలాల వెంట ఎర్ర గొట్టాలు, మంటలొస్తే నీళ్ళు చిమ్మేవి. ప్రతి గుమ్మం మీద తల జాగ్రత్త అని బోర్డు. పిల్లలు తలెత్తుకునే పరిగెత్తుతున్నారు, వాళ్ళ నాన్నలు నుదుళ్ళు రుద్దుకుంటున్నారు. మేడ మీద నేల సందులన్నీ పూడ్చేశారు. స్నగ్ నిండా మడత కుర్చీలు, కేటరింగ్ వాళ్ళ ట్రేలు. ఓక్ స్తంభం మీద చేయి పెట్టి కాసేపు నిలబడ్డాను. నా దగ్గర ఇప్పుడు ఏ కాలంలోనైనా తెరుచుకునే తలుపులున్నాయి, కింద ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినబడని నేల ఉంది. అమ్మా, నాన్నా, నాయనమ్మా, మిసెస్ పెల్హమ్ ఎవరూ లేరు. సుఖం ఎక్కువైందా తక్కువైందా అని అడిగితే, ఎక్కువైందనే చెప్తాను. మా అమ్మ ఆ నిటారు మెట్ల మీద బియ్యం మోసుకుంటూ ఎక్కడం నేను చూశాను. కానీ ఆ రోజుల్లో ఇల్లు కట్టేవాడు మనిషికి ఒక్కోసారి చాటు కావాలని ముందే తలిచి, దానికి గోడలు లేపి తలుపు పెట్టాడు. ఇప్పుడెవరు తలుస్తున్నారు?

గాజులు తొడిగించుకుని, రకరకాలుగా నిలబడి ఫొటోలు దిగి దిగి, స్రవంతి వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. చెంపల నిండా గంధం, కాళ్ళు వాచి ఉన్నాయి. వరంగల్ పిల్ల, మాట మెత్తన. ఇల్లు కొనాలని చూస్తున్నామని చెప్పింది.

"ఓపెన్ ఫ్లోర్ ప్లాన్ ఆంటీ. కిచెన్, లివింగ్, డైనింగ్ అన్నీ ఒక్కటే పెద్ద హాల్. మస్తు వెలుతురుంటది. కిరణ్ అయితే రీసేల్‌కి కూడా మంచిదంటుండు."

"ఇప్పుడు మీ టూ బెడ్‌రూమ్‌లో ఎంతమంది?"

"అమ్మ వచ్చింది, అత్తమ్మ వచ్చింది. కిరణ్ ఒక రూమ్‌లో పొద్దంతా కాల్స్‌లో ఉంటడు. మంచిగనే ఉన్నరు ఆంటీ అందరూ, నాకేం ప్రాబ్లం లేదు." అని ఆగి, గాజులు సర్దుకుంది.

"కాసేపు ఒక్కదానివే ఉండాలనిపిస్తే ఎక్కడికెళ్తావు?" అన్నాను.

స్రవంతి చుట్టూ చూసింది. వాళ్ళ అత్తగారు దూరంగా స్వీట్లు పంచుతోంది. నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. కింద పార్కింగ్ లాట్‌లో మా కార్ ఉంటది కదా, ట్రాష్ పడేసొస్తా అని చెప్పి పోయి అండ్ల కూర్చుంటా. సీట్ వెనక్కి వంచుకుని, డోర్ లాక్ చేసుకుని, ఒక బజ్జీల ప్యాకెట్ తింట. ఒక్కోసారి ఊకెనే ఏడుస్తా, ఒక్కోసారి ఊకెనే పాటలు వింటా. కిరణ్‌కి కూడా తెల్వదు."

కిరణ్‌కి తెలిసే ఉంటుందని నాకనిపించింది. కానీ ఆ మాట అనలేదు.

"పక్క సీట్లో చోటుంటుందా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం పరీక్షగా చూసి, గాజుల చేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఖాళీయే ఆంటీ. రేపు నాలుగింటికి రండ్రి. బజ్జీలు ఎక్కువ తెస్తా."